ముంపుకూ ఎద్దడికీ ఒకే పంపు

(పల్లపు, శివారు గ్రామాల రైతుల సమావేశంలో సంఘం కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో పల్లపు గ్రామాల వాళ్లు ఒక ప్రశ్న అడిగారు. సార్వాలో ముంపు వచ్చినప్పుడు చేలో నీళ్లు డ్రెయినులోకి తోడాలి. దాళ్వాలో వంతు నీరు శివారుకు రానప్పుడు అదే డ్రెయినులో నీళ్లు చేలోకి తోడాలి. దీనికి రెండు పంపులు కొనాలా, ఒకటి చాలదా? ఒకటే అయితే ఏ రకం కొనాలి, వాల్వులు ఎలా పెట్టాలి? దుకాణంలో అడిగితే ఒకాయన నాలుగు వాల్వులు అంటాడు, ఇంకొకాయన మోటారు తిరగేసి తిప్పితే సరిపోతుందంటాడు. అందుకే మేము కొన్ని ఊళ్లలో పెట్టిన పంపులు చూసి, మెకానిక్కులతో కూర్చుని, లెక్కలు వేసుకుని వచ్చాం.

లెక్కలోకి వెళ్లే ముందు ఒక మాట. డ్రెయిను అడుగు చేను కంటే పల్లంలో ఉండి, పారుదల సాఫీగా ఉంటే మనకు పంపే అక్కర్లేదు. తూము తెరిస్తే నీరు దానంతట అది పోతుంది. పూడిక తీయక, గుర్రపు డెక్క, తూటికాడ పెరిగి, గట్లు ఆక్రమణలై డ్రెయిను మట్టం పైకి వచ్చింది కాబట్టే తోడుకోవాల్సి వస్తోంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల బాధ కూడా చెప్పుకున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరంతా కొల్లేరుకే రావాలి, కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగానే సముద్రానికి పోవాలి. ఆ ఒక్క దారి ఇరుకైతే పైనున్న ప్రతి చేనూ చెరువే. పంపు కొనుక్కుంటున్నామంటే పూడిక తీసే బాధ్యత ప్రభుత్వం మీద నుంచి తీసేసినట్టు కాదు. అర్జీలు, ధర్నాలు ఆగవు. అవి ఫలించేలోపు పైరు మునగకూడదు కాబట్టి పంపు సంగతి మాట్లాడుకుంటున్నాం.

ముందు మోటారు తిరగేసి తిప్పే సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దీని మీద చాలామందికి అపోహ ఉంది. మనం వాడే సెంట్రిఫ్యూగల్ పంపులో నీరు ఫ్యాను నడుమ నుంచి లోపలికి వచ్చి, అంచు నుంచి బయటికి విసిరివేయబడుతుంది. ఫ్యాను ఎటు తిరిగినా విసిరేది నడుమ నుంచి అంచుకే. అంటే తిరగేసి తిప్పినా నీళ్లు అదే డెలివరీ పైపులోంచే వస్తాయి, కాకపోతే సన్నగా, బలం లేకుండా. ఇది మీకు కొత్త కాదు. ట్రాన్స్‌ఫార్మరు మార్చిన తర్వాత ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరిగితే ఏమవుతుంది? నీళ్లు సక్షన్‌లోకి పోవు, డెలివరీలోనే ధార చిక్కిపోతుంది. పైగా ఫ్యానును షాఫ్టుకు మరతో బిగించిన పంపుల్లో, తిరగేసి తిప్పితే ఆ మర ఊడి ఫ్యాను వచ్చి కేసింగుకు కొట్టుకుంటుంది.

ఒక మిత్రుడు శ్రీశైలం ఎడమ గట్టు కరెంటు కేంద్రం సంగతి ఎత్తాడు. అక్కడ 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి, అవి రెండు వైపులా తిరుగుతాయి కదా, మన పంపు ఎందుకు తిరగదని. మంచి ప్రశ్నే. ఆ యంత్రం ఒకవైపు తిరిగినప్పుడు పంపై నీటిని పైకి ఎత్తుతుంది. రెండో వైపు తిరిగినప్పుడు అది ఎత్తడం లేదు. పైనున్న నీరు తన బరువుతో దిగుతూ యంత్రాన్నే తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. అంటే రెండు వైపులా తోడుతున్నట్టు కాదు, ఒకవైపే తోడుతోంది. మనకు కావలసింది రెండు వైపులా ఎత్తడం. పంకా రెక్కల్లాంటి ప్రొపెల్లర్ పంపులు తిరగేస్తే నీటిని వెనక్కి నెట్టగలవు, నిజమే. కానీ రెక్క వంపు ఒక వైపుకే చెక్కి ఉంటుంది కాబట్టి రెండో వైపు పని బాగా తగ్గుతుంది, షాఫ్టు బేరింగు కూడా రెండు వైపుల తోపుడుకూ తగ్గట్టు ఉండాలి. దుకాణంలో దొరికే మామూలు రకానికి అది చేయించకండి.

కాబట్టి పంపు ఎప్పుడూ ఒకే వైపు తిరగాలి. నీటి దారినే మార్చాలి. మన పెద్దలు గూడ వేసిన రోజుల్లో చేసింది అదే. తాళ్లు, గూడ అవే, మనుషులు అవతలి గట్టు మీదికి వెళ్లి నిలబడేవాళ్లు.

ఇప్పుడు అసలు లెక్క. ఏ వైపు పనికి పంపు సైజు చూసుకోవాలి? నీరు పెట్టడానికి తొందర ఉండదు, పది రోజులు ఆలస్యమైనా కొంత తట్టుకుంటుంది. ముంపు అలా కాదు. ఊడ్చిన పదిహేను రోజుల లోపు పైరు నిండా మునిగితే నాలుగైదు రోజులు దాటాక కుళ్లడం మొదలవుతుంది. అందుకని ముంపు తోడటానికి సరిపోయే పంపు తీసుకుంటే నీరు పెట్టడానికి అదే సరిపోతుంది.

20 ఎకరాల పల్లపు తుంపు తీసుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 15 సెంటీమీటర్లు, అంటే అర అడుగు, నీరు తీసేయాలి. 20 ఎకరాలకు సుమారు 12,140 ఘనపు మీటర్లు. రెండు పగళ్లు, రెండు రాత్రులు ఆపకుండా తోడితే గంటకు 253 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 70 లీటర్లు. ఇక ఎత్తు ఎంత? చేలో గుంట నుంచి వరద నాటి డ్రెయిను మట్టానికి రెండు మీటర్ల చిల్లర. పైపుల్లో, బెండుల్లో, వాల్వుల్లో నష్టం కలుపుకుని మూడు మీటర్లు అనుకుందాం. 70 లీటర్లను 3 మీటర్లు ఎత్తడానికి నీటికి చేరాల్సిన శక్తి 2 కిలోవాట్ల పైచిలుకే. పంపు, మోటారు కలిపి సగం నష్టపోయినా 4 కిలోవాట్లు, అంటే ఐదున్నర హార్సుపవరు. 20 ఎకరాల ముంపుకు ఐదున్నర హార్సుపవరా అని నవ్వకండి. ఎత్తు తక్కువైతే బలం అక్కర్లేదు, పరిమాణం కావాలి.

మనవాళ్లు బోర్ల అలవాటుతో పోయి 20, 25 మీటర్ల హెడ్డు మోనోబ్లాకు తెస్తారు. ఎక్కువ హెడ్డు అంటే ఎక్కువ మంచిదని అనుకుంటారు. దాన్ని మూడు మీటర్ల పనికి పెడితే అడ్డు లేక పంపు తన సామర్థ్యానికి మించి నీరు లాగుతుంది, మోటారు మీద లోడు పెరిగి వైండింగు కాలుతుంది, లోపల గలగలమని గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తుంది, ఫ్యాను తినేస్తుంది. ఇప్పటికే అలాంటిది ఉన్నవాళ్లు డెలివరీ వాల్వు కొంచెం మూసి, అమ్మీటరు ముల్లు మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల లోపు ఉండేట్టు చూసి నడపండి. కరెంటు దండగే, మోటారు మాత్రం దక్కుతుంది. కొత్తగా కొనేవాళ్లు మిక్స్‌డ్ ఫ్లో పంపు అడగండి. తక్కువ ఎత్తుకు ఎక్కువ నీటికి పుట్టినది అదే. దుకాణదారు హార్సుపవరు, అంగుళాలు మాత్రమే చెబితే ఊరుకోవద్దు. మూడు మీటర్ల హెడ్డు దగ్గర సెకనుకు ఎన్ని లీటర్లు అని అడగాలి, కంపెనీ కాగితంలో ఆ గీత చూపించమనాలి.

పైపు సైజు కూడా ఇక్కడే తేలుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగం దాటితే రాపిడి నష్టం బాగా పెరుగుతుంది. ఆ లెక్కన 4 అంగుళాల పైపులో 15 లీటర్లు, 6 అంగుళాల దానిలో 35, 8 అంగుళాల దానిలో 60 పైన పోతాయి. 70 లీటర్ల పంపుకు 8 అంగుళాలే కనీసం. సక్షన్ ఎంత పెద్దదైతే అంత మంచిది. పంపు 8 అంగుళాలదైతే సక్షన్ 10 పెట్టగలిగితే పెట్టండి. మన పద్ధతిలో రెండు పైపులూ ఒకసారి సక్షన్, ఒకసారి డెలివరీ అవుతాయి కాబట్టి రెండూ సక్షన్‌కు పనికొచ్చేలా ఉండాలి. అంటే గాలి చొరబడని అతుకులు, లోపలికి నలిగిపోని గట్టి పైపు. పొలాల్లో పరిచే పల్చటి చుట్టల గొట్టం డెలివరీకే తప్ప సక్షన్‌కు పనికిరాదు, పీల్చగానే అణిగిపోతుంది.

ఇక వాల్వులు. నాలుగు వాల్వుల అమరిక నోటితో చెబితే తికమకగా ఉంటుంది గానీ గీసి చూస్తే సులువే. చేను వైపు ఒక పైపు, డ్రెయిను వైపు ఒక పైపు. ఒక్కొక్కటి పంపు దగ్గరికి వచ్చి రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ పంపు సక్షన్‌కు, ఒక కొమ్మ డెలివరీకి. నాలుగు కొమ్మలు, నాలుగు వాల్వులు. వాటికి రంగు వేసేయండి. చేను నుంచి సక్షన్‌కు, డెలివరీ నుంచి డ్రెయినుకు వెళ్లే రెండింటికీ ఎరుపు. డ్రెయిను నుంచి సక్షన్‌కు, డెలివరీ నుంచి చేనుకు వెళ్లే రెండింటికీ ఆకుపచ్చ. ఎరుపు రెండూ తెరిచి ఆకుపచ్చ రెండూ మూస్తే చేను నీరు బయటికి. ఆకుపచ్చ తెరిచి ఎరుపు మూస్తే డ్రెయిను నీరు లోపలికి. ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ కలిపి తెరిస్తే, తెరిచిన జతను బట్టి, పంపు చేను నీటిని చేలోకే తిప్పుతూ కూర్చుంటుంది, లేదా పంపుతో సంబంధం లేకుండా డ్రెయినూ చేనూ కలిసిపోతాయి. వరద రాత్రి డ్రెయిను పైన, చేను కింద ఉన్నప్పుడు ఆ రెండోది జరిగితే తోడిందంతా తెల్లారేసరికి తిరిగి చేలో ఉంటుంది.

ఇది నిజంగా ఉన్న ప్రమాదం కాబట్టి కొంచెం ఆగి చెబుతాం. మన పద్ధతిలో రెండు పైపుల కొసలూ నీటిలో మునిగే ఉంటాయి, ఎందుకంటే రెండూ ఎప్పుడో ఒకప్పుడు పీల్చాలి. కరెంటు పోయి పంపు ఆగితే, ఎరుపు వాల్వులు తెరిచే ఉంటే, డ్రెయిను నీరు పంపులోంచే వెనక్కి చేలోకి వస్తుంది, ఫ్యానును వెనక్కి తిప్పుతూ మరీ వస్తుంది. దీన్ని ఆపడానికి పంపు డెలివరీ మూతికి, నాలుగు కొమ్మలు చీలకముందే, ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి. ఇది తప్పనిసరి. అయితే అది కాపాడేది ఎరుపు దారినే. ఆకుపచ్చ దారి తెరిచి ఉండి డ్రెయిను పొంగితే నీరు పంపు తిరగకపోయినా ముందుకే ప్రవహిస్తుంది, నాన్ రిటర్న్ దానికి దారి ఇస్తుంది. అందుకని నీరు పెట్టి ఇంటికి వెళ్లేటప్పుడు నాలుగూ మూసి వెళ్లాలి.

ఫుట్ వాల్వు సంగతి. సక్షన్ కొసన పెట్టి నీళ్లు పోసి ఎత్తించడం మనకు అలవాటు. ఇక్కడ అది కుదరదు. ఈ రోజు సక్షన్ అయిన పైపు రేపు డెలివరీ అవుతుంది, ఫుట్ వాల్వు నీటిని బయటికి పోనివ్వదు. రెండు కొసలకూ జల్లెడ మాత్రమే పెట్టాలి. ఆ కంతల వైశాల్యం మొత్తం పైపు మూతికి మూడు నాలుగు రెట్లు ఉండాలి. ఇందులో ఒక లాభం ఉంది. పీల్చినప్పుడు జల్లెడకు పట్టిన చెత్త, దారి మార్చినప్పుడు లోపలి నుంచి వచ్చే నీటికి ఊడి పోతుంది.

ఫుట్ వాల్వు లేకపోతే గాలి తీసేదెలా? చిన్న పంపులకు సెల్ఫ్ ప్రైమింగ్ రకం, మనం బురద పంపు అనేది, కొంటే సరి. కేసింగులో నీళ్లు ఉంటే అదే గాలి లాగేసుకుంటుంది. పెద్ద మిక్స్‌డ్ ఫ్లోకు కేసింగు నెత్తిన చిన్న చేతిపంపు బిగించి, డెలివరీ వైపు వాల్వులు మూసి, గాలి లాగి నీరు ఎత్తించాలి. ఇక్కడే వాల్వు రకం ముఖ్యమవుతుంది. సక్షన్ వైపున్న వాల్వు నీరు కారకపోవడమే కాదు, గాలి పీల్చకూడదు కూడా. గేటు వాల్వు గ్లాండు తాడు ఎండిపోతే బయటికి చుక్క కనపడదు, లోపలికి మాత్రం గాలి లాగుతుంది. ఎంత కొట్టినా పంపు నీరు అందుకోదు, కారణం తెలియదు. గ్రీజు పెట్టిన తాడుతో ఏటా కొత్తగా ప్యాకింగు వేయండి. 4 అంగుళాల లోపు అయితే నిండు రంధ్రం ఉన్న బాల్ వాల్వులే మంచివి, తెరిచినప్పుడు పైపులాగే ఉంటాయి, పిడి చూస్తే తెరిచిందో మూసిందో తెలుస్తుంది. కాకపోతే ఠపీమని మూయకండి, పైపులో నీటి దెబ్బకు అతుకులు విడతాయి. 6, 8 అంగుళాలకు బాల్ వాల్వు ధర అందదు, బటర్‌ఫ్లై వాల్వు తేలికగా, చవగ్గా ఉంటుంది. డ్రెయిను నీటిలో గడ్డి, తాడు ముక్కలు దాని రేకుకు చుట్టుకుంటాయి కాబట్టి జల్లెడ బాగుంటేనే అది. గేటు వాల్వుకు కింద గాడిలో ఒండ్రు చేరి పూర్తిగా మూసుకోదు, మూసేముందు రెండు మూడు సార్లు ఎత్తి దించాలి.

స్టార్టు చేసేటప్పుడు మామూలు సెంట్రిఫ్యూగల్‌కు డెలివరీ మూసి మొదలుపెట్టి మెల్లగా తెరవాలి. ప్రొపెల్లర్ రకానికి సరిగ్గా తిరగబడి, మూసి స్టార్టు చేస్తే మోటారు మీద లోడు అప్పుడే ఎక్కువ. మీ పంపు ఏ రకమో కొనేటప్పుడే అడిగి, షెడ్డు గోడ మీద రాయించండి.

ఇంతా చెప్పి ఒక మాట అంటే మీరు కోప్పడొద్దు. చాలామందికి ఈ నాలుగు వాల్వులు అక్కర్లేదు. మన పొలాల్లో దారి మారేది ఏడాదికి రెండు మూడు సార్లు. సార్వా ముంపులో బయటికి, దాళ్వా ఎద్దడిలో లోపలికి. రెండు మూడు సార్లు మార్చడానికి వాల్వులు, టీలు, బెండ్లు కొని వాటిలో హెడ్డు పోగొట్టుకోవడం ఎందుకు? ఐదెకరాల లోపు రైతుకు 4 అంగుళాల బురద పంపు, గట్టి సక్షన్ గొట్టాలు రెండు, చేత్తో బిగించే కప్లింగులు చాలు. గొట్టాలు విప్పి అటుది ఇటు, ఇటుది అటు తగిలించడానికి పావుగంట. 5 ఎకరాల్లో అర అడుగు నీరు సెకనుకు 15 లీటర్లతో తోడటానికి 56 గంటలు పడుతుంది, అది భరించదగినదే. చక్రాల బండి మీద పెడితే పక్కూరికి కూడా పోతుంది. నాలుగు వాల్వుల అమరిక గట్టు మీద కదలకుండా పాతిన ఉమ్మడి పంపుకే. పోటు పాటు తగిలే డ్రెయిను పక్కనైతే రోజులో రెండు సార్లు మట్టం మారుతుంది, అక్కడ వాల్వులకు అర్థం ఉంది.

అలాంటి చోట కూడా ముందు చూడాల్సింది తూము. పాటులో డ్రెయిను దిగినప్పుడు చేను నీరు ఊరికే పోతుంది. తూము డ్రెయిను కొసకు పైన కీలు ఉన్న రేకు తలుపు పెడితే లోపలి నీరు నెట్టినప్పుడు తెరుచుకుంటుంది, డ్రెయిను పెరిగితే దానంతట అదే మూసుకుంటుంది. పంపుకు పనిబడేది మిగిలిన గంటలే. కేరళ కుట్టనాడు రైతులు చేసేది దీనికి తలకిందులు. అక్కడ పొలాలు సముద్ర మట్టం కంటే దిగువన ఉంటాయి. నీరు పెట్టాలంటే గట్టులో తూము తెరిస్తే చాలు, తీయాలంటే పెట్టి-పర అనే కొయ్య పంపుతో తోడతారు. అదీ ఒక్కొక్కరూ కాదు, ఒక గట్టు చుట్టిన పొలాలన్నిటికీ ఒక సమితి ఉండి తోడిస్తుంది, ఆ తోడకానికి ప్రభుత్వం సబ్సిడీ కూడా ఇస్తుంది. మన దగ్గర మురుగు తోడకానికి అలాంటి సాయం అడగడంలో తప్పేమీ లేదు. ఈ డిమాండును మన వచ్చే అర్జీలో చేరుస్తున్నాం.

ఉమ్మడి అన్న మాట ఊరికే అనడం లేదు. చుట్టూ గట్టు లేని చోట పంపు పెడితే పై చేల నీరంతా మీ గుంటలోకే దిగుతుంది. 20 ఎకరాల లెక్క వేసుకుని 200 ఎకరాల నీరు తోడుతూ ఉంటారు. ముందు ఆ తుంపు రైతులంతా కలిసి గట్టు ఎత్తు చేయాలి. తర్వాత పల్లపు మూల ఒక గుంట తవ్వి పక్కలు కూలకుండా సిమెంటు వరలు దించాలి. చేలో నీరు అర అడుగే ఉంటుంది, పైపు కొస రెండు మూడు అడుగులు మునిగి ఉండకపోతే సుడి కట్టి గాలి లాగుతుంది. బోదెలు ఆ గుంటకు వచ్చేలా తీయాలి.

కరెంటు సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. వ్యవసాయానికి పగలు 9 గంటలు ఇస్తే 48 గంటల పని రెండు రోజుల్లో 18 గంటలకు కుదించాలి. అప్పుడు 70 లీటర్లు కాదు, 187 కావాలి. అంత పంపు పెట్టే కంటే ఆయిలింజను సిద్ధంగా ఉంచుకోవడం మేలు, ఎందుకంటే తుపాను రోజున ఆ 9 గంటలూ ఉండవు. ఐదున్నర హార్సుపవరు ఇంజను 48 గంటలకు 60 లీటర్ల అటూ ఇటూగా డీజిలు తాగుతుంది, ఎకరాకు 3 లీటర్లు. ట్రాక్టరుకు పంపు తగిలిస్తే పని త్వరగా అయినట్టు కనపడుతుంది గానీ ఐదు హార్సుల పనికి 35 హార్సుల ఇంజను తిప్పితే నూనె ఖర్చు ఎక్కడికి పోతుందో మీకే తెలుసు.

మోటారు పెట్టేవాళ్లు స్టార్టరు బోర్డు వరద మట్టానికి పైన ఉంచండి. ఎర్తింగు లేకుండా, లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకరు లేకుండా మోకాటి లోతు నీళ్లలో నిలబడి స్టార్టరు ముట్టుకోవద్దు. పైరు పోతే మళ్లీ ఊడ్చుకుంటాం.

లోపలికి పెట్టే నీటి గురించి. డ్రెయిను నీరు అంటే మంచినీరు కాదు. వేసవి వచ్చేసరికి సముద్రం పోటు ఉప్పు పైకి ఎగబాకుతుంది, రొయ్యల చెరువుల నీరు కూడా అందులోకే వదులుతారు. ఉప్పు కొలిచే పెన్ను లాంటి మీటరు ఊరికి ఒకటి కొనండి. నీటిలో ఇసి 2 డెసీసైమన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. లేత నారుకూ, పూత దశకూ ఇది ఇంకా హాని. పొద్దున ఒకసారి, పోటు వచ్చాక ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి. రెండింట్లో ఏది తక్కువైతే ఆ వేళ తోడుకోండి. రెండూ ఎక్కువే అయితే ఆకుపచ్చ వాల్వులు తెరవకండి, తక్కువ నీటితో పోయే అపరాలు ఆలోచించండి.

ఇక ఖర్చు పంపకం. కొన్ని ఊళ్లలో ఎకరాల లెక్కన వేసుకున్నారు, కొన్ని చోట్ల మెరక రైతులు మాకు ముంపే లేదు కదా అని తప్పుకున్నారు. మెరక చేల నీరు పల్లంలోకే దిగుతుంది కాబట్టి వాళ్ల వాటా కూడా ఉండాలని మా అభిప్రాయం, పల్లపు ఎకరాకు సగం అయినా సరే. కౌలు రైతు వేసిన ఊళ్లో వాల్వులు, పైపులు, గుంట ఖర్చు భూమి యజమాని పెట్టుకోవాలి, అవి భూమిని అంటిపెట్టుకుని ఉండేవి. డీజిలు, కరెంటు, మనిషి కూలి కౌలుదారు భరించవచ్చు. ఇది ముందే కాగితం మీద రాసుకోవాలి, వరద రాత్రి గట్టు మీద తేలే విషయం కాదు.

నాలుగు ఊళ్ల వాళ్లు ఇప్పటికే పేర్లు ఇచ్చారు. మిగతా వాళ్లు కాలువలకు నీరు వదలకముందే తుంపు ఎకరాలు, చేను పల్లపు మూలకూ డ్రెయిను వరద గుర్తుకూ మధ్య ఎత్తు, డ్రెయినుకు దూరం, ఈ మూడూ రాసి పంపండి. ఎత్తు కొలవడానికి లెవెలింగు యంత్రం అక్కర్లేదు, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం, రెండు కర్రలు చాలు. లెక్క వేసి పంపు, పైపు సైజు మేము చెబుతాం. కొన్న తర్వాత వానలు పడకముందే ఒకసారి రెండు దారుల్లోనూ, ఒకదాని తర్వాత ఒకటి, కనీసం గంటసేపు నడిపి చూడండి. గ్లాండు దగ్గర గాలి లాగుతోందో లేదో ఆ గంటలోనే తెలుస్తుంది.